కుడి స్పీకర్ పాట

నిధి నాతో అన్న మొదటి మాట, "దాన్ని చంపేశారా?"

అప్పుడు నేను వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో ఒక సీనియర్ సెంటర్ హాల్లో, టేబుల్ కింద వెల్లకిలా పడుకుని, రికార్డ్ ప్లేయర్ వెనక వైర్లు చూస్తున్నాను. పాట మధ్యలో ఆగిపోయింది. పదకొండు మంది తాతయ్యలూ అమ్మమ్మలూ కుర్చీల్లో కూర్చుని నా కాళ్ల వైపు చూస్తున్నారు. "చచ్చాం రా దేవుడా" అని నాలో నేను గొణుక్కున్నాను. అమెరికాలో తెలుగులో గొణుక్కుంటే ఎవరికీ అర్థం కాదని ఒక ధీమా ఉంటుంది. వీధికో తెలుగిల్లు ఉండే హెర్న్‌డన్‌లో ఆ ధీమా పనికిరాదు.

"లేదండీ. వైరు ఊడింది, అంతే," అన్నాను టేబుల్ కింద నుంచే.

"మీరు పీకారు."

"నేను కదిపానంతే. అదే ఊడింది."

"కదిపితే ఊడితే పీకినట్టే కదా. సారీ, నా తెలుగు కరెక్టేనా?"

తెలుగు కరెక్టే, అదే నా ఇబ్బంది. బయటికి వచ్చి చూస్తే పసుపు రెయిన్‌కోటు, మెడలో ఐడీ కార్డు, తడిసిన జుట్టు, నడుం మీద రెండు చేతులు. ఇక్కడే పుట్టిన పిల్ల అని ఆ 'ర' చెబుతోంది. నోట్లో చాక్లెట్ పెట్టుకుని పలికినట్టు ఉంది. ఆ సెంటర్‌లో మ్యూజిక్ థెరపిస్టునని చెప్పింది. ప్రతి మంగళవారం రెండు గంటలకి, పెద్దవాళ్ల కోసం గంటసేపు పాత పాటలు పెడుతుందట.

"సోల్ మ్యూజిక్. సిక్స్టీస్ గర్ల్ గ్రూప్స్. ముగ్గురు అమ్మాయిలు, సేమ్ గౌన్లు, సేమ్ హెయిర్. మీరు వినలేదా?"

"లేదండీ. మాది వైజాగ్."

"వైజాగ్‌లో అమ్మాయిలు పాడరా?"

దానికి జవాబు ఆలోచించుకునేలోపు వైరు బిగించాను. నిధి రికార్డ్ ప్లేయర్ మూత మీద మెల్లగా తట్టి, "పాడండి, ప్లీజ్. అందరూ వెయిట్ చేస్తున్నారు," అంది. జోకేమో అనుకుని నవ్వాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

నా పేరు శశికాంత్. నేనక్కడ సేవ చేద్దామని చేరలేదు. ఎలక్ట్రికల్‌లో మాస్టర్స్ అయింది, ఉద్యోగం రాలేదు. చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీలో తొంభై రోజులకి మించి ఖాళీగా ఉంటే సర్దుకుని వెళ్లిపోవాలి. అరవై ఒకటో రోజున రూమ్మేట్ ఒక దారి చెప్పాడు. చదువుకి సంబంధించిన పని వారానికి ఇరవై గంటలు, జీతం లేకుండా చేసినా సరే, ఆ రోజుల లెక్క ఆగుతుందట. అలా నేను సీనియర్ సెంటర్‌లో స్పీకర్లకీ, ప్రొజెక్టర్‌కీ, ఎప్పుడూ పలకని మైకుకీ వైద్యుణ్ణయ్యాను.

మేం ఉండేది ఒక ఇంటి బేస్‌మెంట్‌లో. నలుగురం. మిగతా ముగ్గురివీ మూడు షిఫ్టులు కాబట్టి ఒకరి మొహం ఒకరం చూసుకునేది ఫ్రిజ్ దగ్గరే. నా గది కిటికీ గడ్డి ఎత్తులో ఉంటుంది. అందులోంచి దారిన పోయేవాళ్ల బూట్లు మాత్రమే కనిపిస్తాయి. రెండు నెలల్లో ఆ వీధిలో అందరి బూట్లూ నాకు తెలుసు, ఒక్క మనిషి పేరు కూడా తెలియదు. రోజు మొత్తంలో నేను నోరు తెరిచేది కొట్లో క్యాషియర్‌తో "థాంక్యూ, హావ్ ఎ గుడ్ వన్" అనడానికే అయిన రోజులు చాలా ఉన్నాయి. ఇలాంటప్పుడు ఎవరైనా "పీకారు" అని దెబ్బలాడినా బాగుంటుంది.

మళ్లీ మంగళవారం పాటల గంటకి వెళ్లేసరికి రికార్డ్ ప్లేయర్‌లో ఎడమ స్పీకర్ మూగగా ఉందని గమనించాను. ఏడాదిగా అంతేనట, ఎవరికీ పట్టలేదు. సూది దగ్గర ఉండే చిన్న చిన్న ఇత్తడి కొనల్ని పెన్సిల్ ఎరేజర్‌తో రుద్దాను. మా నాన్న సగం రిపేర్లు ఎరేజర్‌తోనే చేసేవారు.

"మీ టూల్ ఎరేజరా?" అంది నిధి.

"ఆ."

"మీ మాస్టర్స్‌లో ఇదే నేర్పారా?"

"కాదు, పెన్సిల్ మాస్టర్స్‌లో నేర్పారు. ఎరేజర్ మా నాన్న."

ఎడమ స్పీకర్ పలికింది. అంతసేపూ కుర్చీల్లో ఒరిగి ఉన్నవాళ్లు ఒక్కసారి సర్దుకుని కూర్చున్నారు. ఒకమ్మాయి ముందు పాడుతోంది. మిగతా ఇద్దరూ వెనక నుంచి ఊ అనీ ఆ అనీ వంత పాడుతున్నారు. ఊ అన్నప్పుడల్లా హాల్లో అందరి చేతులూ ఒకే వైపు తిరుగుతున్నాయి. ఒకాయన చేయి మోచేతి దాకానే లేస్తుంది, అయినా సరిగ్గా తాళానికి లేస్తోంది.

అందరికంటే హుషారుగా తిప్పేది మిస్ డెలోరిస్. డెబ్భై తొమ్మిదేళ్లు, వాషింగ్టన్‌లో పుట్టి పెరిగిన నల్లజాతి పెద్దావిడ. నిధి చిన్నప్పుడు వాళ్లమ్మ ఆఫీసు నుంచి వచ్చేదాకా ఈవిడ ఇంట్లోనే ఉండేదట. ఈ పాటలన్నీ నిధికి అక్కడే వచ్చాయి. ఆవిడ పక్క కుర్చీలో నిధి అమ్మమ్మ, నాగమల్లేశ్వరి గారు. అమ్మమ్మ గారికి ఇంగ్లీషు రాదు, డెలోరిస్‌కి తెలుగు రాదు. ఇద్దరి మధ్యా ఒక వేయించిన పల్లీల పొట్లం ఉంటుంది, ఆ పొట్లంతోనే వాళ్ల స్నేహం సాగిపోతుంది.

డెలోరిస్ ఒకసారి నాకు చెప్పిన మాటలు ఇంగ్లీషులోనే అయినా నాకు తెలుగులోనే గుర్తున్నాయి. "మా అక్కా, నేనూ, పక్కింటి పిల్లా మా బిల్డింగ్ మెట్ల మీద ప్రాక్టీస్ చేసేవాళ్లం. మెట్ల దగ్గర గొంతు ఎంత బాగా మోగుతుందో. నాకు పదహారేళ్లు. నేనెప్పుడూ వెనకే పాడాను. ముందు పాడే పిల్లకి మాటలు ఉంటాయి. మాకు ఊ, ఆ, అంతే. కానీ నాయనా, మేం లేకపోతే ఆ పిల్ల తన గోడు ఎవరికి చెప్పుకుంటున్నట్టు?"

"ఇప్పుడు పాడరా?" అన్నాను.

"అక్క పోయింది. పక్కింటి పిల్ల ఎక్కడుందో తెలియదు. ఇప్పుడు వెనక పాడేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను," అని మళ్లీ చేయి తిప్పడంలో పడిపోయింది. నవ్వుతూనే అంది. నేను ముక్కు తుడుచుకుని వైర్ల వైపు తిరిగాను.

ఆ సాయంత్రం వాన. బస్‌స్టాప్‌లో తడుస్తుంటే నిధి కారు ఆపింది. ముందు సీట్లో అమ్మమ్మ గారు అప్పటికే నిద్రలో ఉన్నారు. నేను వెనక సీట్లో, స్కూల్ నుంచి తీసుకెళ్తున్న పిల్లాడిలా కూర్చున్నాను. అద్దంలో నిధి కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కళ్లు రోడ్డు మీద కొంచెంసేపు, నా మీద కొంచెంసేపు ఉంటున్నాయి. రోడ్డు వాటా తగ్గుతోందేమో అని నాకు భయమూ, ఆశా రెండూ కలిగాయి.

"మిస్ డెలోరిస్ చెప్తుంటే మీరు ఏడ్చారు," అంది.

"ఏడవలేదు. ఏసీ."

"ఆన్ చేయలేదు."

అప్పుడు చెప్పాను. వైజాగ్‌లో పాత పోస్టాఫీసు దగ్గర మా నాన్న సూర్యప్రకాశరావు గారిది టేప్‌రికార్డర్లు రిపేరు చేసే షాపు. ఓడ మీద పనిచేసే మనిషెవరో ఒక సెట్టు బాగుచేయమని ఇచ్చి మళ్లీ రాలేదు. లోపల ఒక క్యాసెట్ ఉండిపోయింది. పేరు లేదు, కవరు లేదు. పైగా దాంట్లో ఎడమ పక్క శబ్దం మొత్తం చెరిగిపోయింది, కుడి స్పీకర్‌లోనే వినిపిస్తుంది. నాన్నకి అదే పనికొచ్చింది. ఏ సెట్టు బాగుచేసినా ముందు ఆ క్యాసెట్ పెట్టేవారు. కుడి పక్క మోగితే వైరింగ్ సరిగ్గా ఉన్నట్టు.

"అందులో ఏముంది?"

"ఎవరో ఇద్దరు ఆడపిల్లలు. డ్రమ్ము, చప్పట్లు. 'ఉన్నారా... ఉన్నారా...' అని పాడతారు. కాసేపు ఎవరూ ఏమీ అనరు. మళ్లీ 'ఉన్నారా' అంటారు. పాటంతా అంతే."

"ఇంగ్లీష్ సాంగ్‌లో ఉన్నారా?"

"చిన్నప్పుడు అది తెలుగు పాటే అనుకున్నాను. షాపుకి వచ్చినవాళ్లు 'ఆ, ఉన్నాం, ఉన్నాం, సెట్టు అయిందా?' అనేవాళ్లు. ఎవరూ లేకపోతే నాన్నే 'ఉన్నాం తల్లీ' అనేవారు, తల ఎత్తకుండా. నేను బీటెక్ రెండో ఏడులో ఉండగా నాన్న పోయారు. షాపు తీసేశాం. క్యాసెట్ నేను తెచ్చుకున్నాను. ఇప్పుడు నా సూట్‌కేస్‌లోనే ఉంది."

వైపర్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. అద్దంలో కళ్లు చాలాసేపు రోడ్డు మీదే ఉన్నాయి. "అది తీసుకురండి," అంది చివరికి. "సెంటర్ క్లాజెట్‌లో పాత క్యాసెట్ డెక్ ఉంది. అది కూడా డెడ్. మీ పేషెంట్."

తెస్తానన్నాను గానీ తేలేదు. ఇరవై ఏళ్ల నాటి టేపు తెగిపోతుందేమోనని ఒక వారం, డెక్ బెల్టు దొరకలేదని ఇంకో వారం సాకులు చెప్పాను. అసలు సంగతి వేరే. క్యాసెట్ విషయం తేలిపోతే కారులో వెనక సీటు ప్రయాణాలకి ఇంకేం వంక ఉంటుంది? ఆ అరగంట కోసమే నేను వారమంతా బతుకుతున్నానని అప్పటికి నాకు తెలిసిపోయింది. ప్రేమ అనే మాట నాకు నేను చెప్పుకోవడానికి కూడా సిగ్గేసేది, కానీ అదే.

ఒక్కటే ముల్లు. నిధి నన్ను 'మీరు' అనేది. నాకంటే ఏడాది చిన్న, నన్ను ఆటపట్టిస్తుంది, నా లంచ్ బాక్సులో పులిహోర లాక్కుని తింటుంది, తిన్నాక "మీరు ఉప్పు మర్చిపోయారు" అంటుంది. ఉప్పు మర్చిపోయావ్ అని ఎందుకు అనదు? మా వైపు కాలేజీలో ఒకమ్మాయి నెల దాటినా మీరు అంటోందంటే, అక్కడే ఆగమని అర్థం. ఆమె అంటుంటే నేనెలా నువ్వు అంటాను, నేనూ మీరు అనే అనేవాణ్ణి.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం, అమ్మమ్మ గారు రాని రోజు, మొదటిసారి ముందు సీట్లో కూర్చున్నాను. రెండు సిగ్నళ్లు దాటేదాకా ధైర్యం కూడగట్టుకున్నాను.

"నిధి గారూ, మీరు నన్ను నువ్వు అనొచ్చు కదా."

ఆమె మొహం ఎర్రబడింది. స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుంది.

"నాకు రాదు," అంది.

అంతే. ఇంకేమీ అనలేదు, నేనూ అడగలేదు. అలా అనడానికి నాకు మనసు రాదు, నోరు రాదు అని మర్యాదగా చెప్పింది కదా, ఇంక అడిగేదేముంది. దిగేటప్పుడు "థాంక్యూ, హావ్ ఎ గుడ్ వన్" అన్నాను. క్యాషియర్‌తో అన్నట్టే అన్నాను. కారు వెళ్లిపోయాక ఆ మాట గుర్తొచ్చి నా మీద నాకే ఒళ్లు మండింది.

ఆ గురువారం, దేశానికి అటు చివర సియాటిల్ పక్కన బాతెల్ అనే ఊళ్లో ఒక చిన్న కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. ఇక్కడే వర్జీనియాలో ఇంకో ఇంటర్వ్యూ చివరి రౌండ్ మిగిలి ఉంది. దానికోసం వారం ఆగమని రూమ్మేట్ అన్నాడు. నేను పది నిమిషాల్లో బాతెల్‌కి ఎస్ అని సంతకం పెట్టేశాను.

చివరి మంగళవారం క్యాసెట్ తీసుకెళ్లాను. ఇంక వంకలు అవసరం లేదు కదా. డెక్‌లో తెగిన బెల్టు బదులు కొత్తిమీర కట్టకి వచ్చిన రబ్బరు బ్యాండు వేసి, దాన్ని రికార్డ్ ప్లేయర్ స్పీకర్లకే కలిపాను. ఇదీ నాన్న విద్యే. నిధి నా వైపు చూడటం లేదు. బాతెల్ సంగతి ఫోన్‌లో చెప్పినప్పుడు "ఓ, కంగ్రాట్స్" అని పెట్టేసింది.

క్యాసెట్ పెట్టాను. బరబరమని ఒక చప్పుడు. తరవాత కుడి స్పీకర్‌లోంచి, పాత పోస్టాఫీసు దగ్గరి షాపులోంచి వచ్చినట్టే, ఆ ఇద్దరు ఆడపిల్లలు.

ఉన్నారా... ఉన్నారా...

నేను ఎరేజర్ పెట్టి బాగుచేసిన ఎడమ స్పీకర్ మూగగానే ఉంది. నాగమల్లేశ్వరి గారు పల్లీలు నమలడం ఆపి, "ఎవరో ఉన్నారా అని అడుగుతున్నారే, ఎవరే నిధీ?" అన్నారు. ప్రపంచంలో ఈ పాట నాలాగే విన్న ఇంకో మనిషి దొరికింది.

"అమ్మమ్మా, అది మీనింగ్ లేని సౌండ్. వెనక పాడేవాళ్లు ఊరికే అంటారు, డిక్షనరీలో ఉండదు," అంది నిధి. నాకు తెలుసు, ఎప్పుడో తెలుసు. అయినా అందరి ముందూ వినేసరికి ఇరవై ఏళ్ల ప్రశ్న ఒక్కసారిగా ఉత్త కూత అయిపోయినట్టు అనిపించింది.

అప్పుడు పాటలో ఆ ఖాళీ వచ్చింది. డ్రమ్ము ఒక్కటే కొడుతోంది. నాన్న "ఉన్నాం తల్లీ" అనే చోటు. ఎడమ స్పీకర్ పక్కన కూర్చున్న మిస్ డెలోరిస్ కళ్లు మూసుకుని పాడటం మొదలుపెట్టింది.

ఆ మాటలు నాకు ఇంగ్లీషులో సరిగ్గా గుర్తులేవు. అర్థం ఇది. ఉన్నాను, ఇక్కడే ఉన్నాను, సాయంత్రం నుంచీ మీ మెట్ల మీదే కూర్చున్నాను, ఒక్కసారి తలుపు తీసి చూడు. కుడి పక్క వాళ్లు మళ్లీ ఉన్నారా అన్నారు. ఎడమ పక్క డెలోరిస్ మళ్లీ ఉన్నాను అంది. గొంతు వణుకుతోంది, శ్రుతి కొంచెం జారింది, ఒక్క ఖాళీ కూడా వదల్లేదు. హాల్లో ఎవరూ చేయి తిప్పలేదు.

టేపు ఆగాక ఆవిడే చెప్పింది. "సండే గ్లవ్స్ అని మా వాషింగ్టన్ పిల్లలే. తెల్ల గ్లవ్స్ వేసుకుని పాడేవాళ్లు. అప్పట్లో స్టీరియో అంటే ముందు పాడే పిల్లని ఒక పక్క, మిగతా అందర్నీ ఇంకో పక్క పెట్టేవాళ్లు. నీ టేపులో చెరిగిపోయింది ఆ పిల్లే. నేనెప్పుడూ ముందు పాడలేదు నాయనా. ఇవాళే మొదటిసారి."

ఇన్నేళ్లూ నేను ప్రశ్న మాత్రమే విన్నాను. జవాబు పాటలోనే ఉందట. నాన్నకి అది తెలియకుండానే తెలుసు. ఈసారి ఏసీ మీద నెట్టలేకపోయాను, అందరి ముందూ ఏడ్చేశాను. నిధి వీడ్కోలు కేకు తెస్తానని లోపలికి పరిగెత్తింది, ఆమె కళ్లూ బాగాలేవు.

నాగమల్లేశ్వరి గారు నా చేతిలో గుప్పెడు పల్లీలు పోశారు. "ఊరెళ్తున్నావట. మా నిధి వారం నుంచీ అన్నం సరిగ్గా తినట్లేదు. ఏమైందే అంటే, 'వారు వెళ్లిపోతున్నారు' అంటుంది. ఎవరే ఆ వారు అని అడగాల్సి వచ్చింది. దీని 'మీరు'లతో చస్తున్నాననుకో."

"అంటే?"

"ఇది నాలుగేళ్లప్పుడు ఇంటికొచ్చిన ఒక పెద్దాయన్ని 'నువ్వెందుకొచ్చావ్' అంది. వాళ్ల నాన్న మొహం మాడిపోయింది. ఇంగ్లీషులో అందరికీ ఒకటేనాయె, పిల్లకి తేడా ఏం తెలుస్తుంది? రెండూ నేర్పి కంగారు పెట్టడం ఎందుకని నేను 'మీరు' ఒక్కటే నేర్పాను. ఎవరూ తప్పు పట్టరు గదా. ఇప్పుడు కారునీ మీరే, కుక్కపిల్లనీ మీరే. ఆ పాటల పెట్టెని కూడా పాడండి అంటుంది, నువ్వు వినలేదూ?"

"నువ్వు అని ఎవరినీ అనదా?"

"రాదు బాబూ దానికి."

చేతిలో పల్లీలు కింద పడ్డాయి.

పార్కింగ్ లాట్‌లో చినుకులు పడుతున్నాయి. నిధి కారు తలుపు తీసి నిలబడింది.

"ఆ రోజు మీరు నాకు రాదు అన్నారు," అన్నాను. "రాదంటే... తెలియదనా?"

"ఇంకేం ఉంటుంది?"

"మనసు రాదని కూడా ఉంటుంది. ఇష్టం లేనివాళ్లు అంటారు."

"దానికీ సేమ్ వర్డా?"

"సేమ్ వర్డే."

"ఇరవై నాలుగేళ్లు వచ్చాక తెలుగులో యూ చెప్పడం రాదని ఒప్పుకోవాలంటే నాకు ఎంత సిగ్గేసిందో మీకు తెలుసా? అందుకే ఇంకేం అనలేదు." తరవాత ఆమె మొహం మారింది. "వెయిట్. దానికేనా బాతెల్?"

"దానికే," అన్నాను.

"ఒక్క మాట అడగలేకపోయారా, శశికాంత్? ఒక్కసారి, అంటే ఏంటి అని?"

"భయమేసింది."

"ఇప్పుడు వెళ్లకపోతే?"

"సంతకం పెట్టాను. ఆ ఇంటర్వ్యూ వద్దని చెప్పేశాను. ఇది కూడా వదిలితే వీసా మిగలదు."

ఆమె తల ఊపింది. కోపంగా చూసింది, తరవాత చేయి చాపి నా చొక్కా మీద పల్లీ పొట్టు దులిపింది. ఆ చేయి ఒక క్షణం ఎక్కువే ఆగింది. "నేర్చుకుంటాను," అంది. "అమ్మమ్మని అడిగి."

బాతెల్‌లో ఇంకా ఒంటరిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. హెర్న్‌డన్‌లో కనీసం బూట్లు కనిపించేవి. ఇక్కడ రెండో అంతస్తు, కిటికీలో ఎత్తైన చెట్లు, వాటి వెనక మబ్బు. గదిలో ఒక గాలి పరుపు, ఒక కుక్కర్. మాట్లాడితే నా గొంతే గోడకి తగిలి వెనక్కి వచ్చేది. అందుకని ఆఫీసు నుంచి వచ్చాక ఇంట్లో ఉండలేక, బయట చెక్క మెట్ల మీద, పై రేకు కింద కూర్చునేవాణ్ణి.

మంగళవారం పదకొండింటికి, అంటే వాళ్ల రెండు గంటలకి, నిధి ఫోన్ చేసి టేబుల్ మీద పెట్టేది. ఆఫీసులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ హాలంతా వినేవాణ్ణి. చప్పట్లు, దగ్గులు, డెలోరిస్ నవ్వు.

"అమ్మమ్మ ఫ్రిజ్ మీద మ్యాథ్స్ టేబుల్‌లా రాశారు. నువ్వు తిన్నావు, నువ్వు వెళ్లావు," అంది రెండో వారం. "మీరు తిన్నారా?"

"ఫ్రిజ్ మీద నువ్వు, ఫోన్‌లో మీరా?"

"ఫోన్‌లో అనను. మొదటిసారి కదా. మీరు కనిపిస్తుంటే అంటాను. అంతవరకు వెయిట్ చేస్తారా?"

చేస్తాను అన్నాను. ఎన్నాళ్లు అని ఇద్దరం అడగలేదు. పండక్కా, పెళ్లికా, ఏ కారణంతో ఆమె ఇంత దూరం వస్తుంది? కొత్త ఉద్యోగంలో నాకు సెలవెవరిస్తారు?

నాలుగో మంగళవారం ఫోన్ రాలేదు. సాయంత్రం దాకా చూసి "ఉన్నారా?" అని మెసేజ్ పెట్టాను. చూసినట్టు గుర్తు పడింది, జవాబు రాలేదు. బుధవారం లేదు, గురువారం లేదు. దూరంలో ఇలాగే అవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఒక మనిషికి విసుగొస్తుంది, ఇంకో మనిషి మర్యాదగా అర్థం చేసుకోవాలి. మళ్లీ అడగడానికి మళ్లీ భయమేసింది. కానీ పార్కింగ్ లాట్‌లో ఆమె అన్న మాట గుర్తొచ్చి, శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుని ఫోన్ చేశాను. ఏమైంది అని అడిగేద్దామని.

ఫోన్ మోగింది. కింద, మెట్ల మలుపు దగ్గర కూడా ఏదో మోగింది.

నేను చెవి నుంచి ఫోన్ తీశాను. కింద మోగుతూనే ఉంది. తరవాత ఆగిపోయింది. చినుకుల చప్పుడులో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఉన్నా..."

అక్కడ ఆగింది. ఆ ఖాళీ నాకు బాగా తెలుసు. ఇరవై ఏళ్లు విన్నాను. ఆ తరవాత ఏ అక్షరం వస్తుందో మాత్రం తెలియదు.

"...వా?"

పసుపు రెయిన్‌కోటు మలుపు తిరిగింది. మొహమంతా తడి. చేతిలో చిన్న సూట్‌కేసు, పల్లీల పొట్లం. అంత సిగ్గుపడుతున్న మనిషిని నేను చూడలేదు.

"కరెక్టేనా?" అంది. "ప్లేన్‌లో ఐదు గంటలు ప్రాక్టీస్ చేశాను. పక్క సీటాయన భయపడ్డాడు."

నాకు మాట రాలేదు. ఇందులో కూడా అదే 'రాదు'.

"మంగళవారం ఎందుకు చేయలేదు?" అన్నాను ఎలాగో.

"చేస్తే వస్తున్నానని చెప్పేసేదాన్ని. నాకు సీక్రెట్స్ రావు. అంటే తెలియవు." ఆగి, జాగ్రత్తగా, ఒక్కో ముక్కా పేర్చి పలికింది. "నువ్వు... భయపడ్డావా?"

"భయపడ్డాను."

"సండే నైట్ వెళ్లాలి. రెండు రోజులే. అమ్మమ్మ పంపారు. వెళ్లి అనేసి రా, అన్నారు." పై మెట్టు దాకా ఎక్కి వచ్చింది. "నేను అడిగినదానికి ఇంకా ఆన్సర్ చెప్పలేదు."

"ఉన్నాను, నిధీ," అన్నాను. గారు లేకుండా అనడం నాకూ అదే మొదటిసారి. "ఇక్కడే ఉన్నాను. మెట్ల మీదే."

ఆమె సూట్‌కేసు పక్కన పెట్టి, తడి మెట్టు అని కూడా చూడకుండా, నాకు ఎడమ పక్కన కూర్చుంది.